చక్కెర లేని మందు

మా ఆయన అన్నం మానేశాడు గానీ మందు మానలేదు. ఇంకా సూటిగా చెప్పాలంటే, మందు మానకుండా ఉండటానికే అన్నం మానేశాడు.

దేవరకొండలో మాకు విత్తనాలు, ఎరువుల దుకాణం ఉంది. ఆయన దుకాణం చూసుకుంటాడు, నేను బడిలో పాఠాలు చెబుతాను. నలభై దాటాక ఆయనకు పొట్ట పెరిగింది. పరీక్షలు చేయిస్తే, షుగర్ ఇంకా రాలేదు గానీ గడప దాకా వచ్చిందని, లివర్‌కు కొవ్వు పట్టిందని తేలింది. డాక్టరు రెండు మాటలు చెప్పాడు: మందు మానాలి, బరువు తగ్గాలి. బస్సు దిగి ఇల్లు చేరేసరికి ఆయనకు రెండో మాటే గుర్తుంది.

ఆ రోజుల్లో ఎవరి ఫోన్ చూసినా కీటో వీడియోలే. అన్నం, రొట్టె, పండ్లు, పప్పు బంద్ పెట్టి మాంసం, గుడ్లు, నెయ్యి, పన్నీరు తింటే ఒంట్లో కొవ్వు దానంతట అదే కరుగుతుందట. అలాంటి వీడియోల్లో ఒకదాంట్లో ఎవరో పెద్దమనిషి, బీరులో పిండిపదార్థం ఉంటుంది, కల్లులో చక్కెర ఉంటుంది, విస్కీలో మాత్రం రెండూ ఉండవని సెలవిచ్చాడు. మా ఆయన ఆ ముక్క నాకు చూపించాడు, వాళ్లమ్మకు చూపించాడు, దుకాణానికి వచ్చిన రైతులకు కూడా చూపించాడు. ఒక చేత్తో వరి విత్తనాల బస్తా అందిస్తూనే బియ్యం విషమని చెప్పేవాడు. ఒక రైతు ఉండబట్టలేక, "మరి గీ ఇత్తనం ఎందుకు అమ్ముతున్నవు సారూ?" అని అడిగాడట. "నువ్వు పండియ్యి, తినకు" అన్నాడట మా ఆయన.

ఆదివారం మధ్యాహ్నం ఆయన స్నేహితులు మా డాబా మీదికి చేరేవారు. అందరిదీ అదే డైట్. విస్కీలో నీళ్లు తప్ప ఇంకేమీ కలపకూడదు. ఒకసారి ఒకాయన అలవాటు కొద్దీ కూల్‌డ్రింకు పోసుకోబోతే, గుడిలోకి చెప్పులతో వచ్చినవాణ్ణి చూసినట్టు చూశారు. నంజుకోవడానికి మటన్ వేపుడు, ఉడికించిన గుడ్లు. పల్లీలు తినొచ్చా కూడదా అని సీసా ఖాళీ అయ్యేదాకా వాదించుకునేవారు. మెట్లెక్కి గుడ్ల గిన్నె అందించే నాకు ఆ వాదన వింటుంటే, మా అత్తమ్మ చేసే ఒక్కపొద్దుల్లో కూడా ఇంత మడి లేదు కదా అనిపించేది.

అబద్ధం ఎందుకు, ఆయన బరువు తగ్గాడు. ప్యాంట్లు వదులయ్యాయి. దాంతోపాటు ఇంకొకటి కూడా జరిగింది. ఇదివరకు ఎంత తాగినా తొణక్కుండా మాట్లాడే మనిషికి ఇప్పుడు రెండో పెగ్గుకే నాలుక మందమయ్యేది. అదేమిటని నేనడిగితే, ఒళ్లు తేలికైంది కాబట్టి తొందరగా ఎక్కుతోందని, అది డైట్ గొప్పతనమని చెప్పాడు.

అలా ఉండగా కోస్గిలో ఆయన అక్క కొత్త ఇల్లు కట్టుకుంది. గృహప్రవేశానికి పుట్టింటివాళ్లు ఒడిబియ్యం పోయాలి. నేనూ, ఆయనా, అత్తమ్మా వెళ్లాం. ఆయన పసుపు కలిపిన బియ్యం దోసిళ్లతో తీసి అక్క ఒడిలో పోస్తుంటే, వెనక నిలబడిన ఒక ముసలామె, "బియ్యం ఇసమంటివట గద కొడుకా, మరి అక్క ఒడిల పోస్తున్నవేంది?" అంది. ఆడవాళ్లంతా కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. మా వదిన కూడా ఒడి కదలకుండా నవ్వింది. ఆయన మాత్రం నవ్వలేదు.

ఆ రోజు పూజ భోజనం. పూరీలు, పులిహోర, పప్పన్నం, బక్ష్యాలు. ఆయన తినగలిగింది ఒక్కటీ లేదు. నల్ల కాఫీలో నెయ్యి వేయించుకుని తాగి, రేపు యాటను కోస్తారు కదా, అప్పుడే తింటానన్నాడు. మర్నాడు పొద్దున కూడా అదే కాఫీ. మటన్ ఉడకడానికి చాలాసేపు పట్టింది. మగవాళ్లు ఓపిక పట్టలేక టెంటు కింద కుర్చీలు వేసుకుని సీసాలు తెరిచారు.

అప్పుడే ఊళ్లో నుంచి కల్లు వచ్చింది. ఆడవాళ్లకు కూడా పోశారు. డెబ్బై దాటిన మా అత్తమ్మ స్టీలు గ్లాసు పట్టుకుని ఓ మూల కూర్చుంది. మా ఆయన తన గ్లాసుతో సహా అక్కడికి వచ్చి, అందరూ వింటుండగా మొదలుపెట్టాడు.

"కల్లు తాగకమ్మా. అంత చక్కెరనే అది. షుగర్ వస్తది నీకు."

అత్తమ్మ గ్లాసు పక్కన పెట్టింది. పెళ్లయిన నాటి నుంచి గొర్రెల వెంట ఎండలో నడిచిన మనిషి, ఏ రోగమూ ఎరగని మనిషి, కొడుకు నోటి నుంచి విస్కీ వాసనతో ఆరోగ్యపాఠం విని గ్లాసు కింద పెట్టేసింది. ఆయన చేతిలోది లాక్కుని ఆయన నెత్తినే కుమ్మరించాలనిపించింది నాకు. చుట్టాల మధ్య బాగుండదని ఊరుకున్నాను. ఊరుకోవడంలో నాకు చాలా అనుభవం ఉంది.

విస్తళ్లు వేసే వేళకు ఆయన కుర్చీలో ఒక పక్కకు ఒరిగి ఉన్నాడు. చొక్కా తడిసిపోయింది. చేతులు వణుకుతున్నాయి. తిందువు రమ్మని పిలిస్తే నన్ను "అక్కా" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు పడీపడీ నవ్వారు. వదిన భర్త వచ్చి చూసి, "ఎక్కువైంది, జర పండనియ్యి, లేస్తడు" అన్నాడు.

నేను ఆయన నుదుటి మీద చెయ్యి వేశాను. చల్లగా, జిగటగా ఉంది. పెళ్లయినప్పటి నుంచి ఆయన తాగడం చూస్తున్నాను. తాగి పాడతాడు, తాగి ఏడుస్తాడు, తాగి దుకాణంలో బాకీల గురించి అరుస్తాడు. ఇది అవేవీ కాదు.

"పండబెట్టుడు లేదు, కారు తియ్యి అన్నా" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఇక ఎవరూ నవ్వలేదు.

దవాఖానలో ఉన్నది చిన్న వయసు డాక్టరమ్మ. ఏం తిన్నాడని అడిగింది. నిన్నటి సంది ఏం తినలేదని, తాగాడని చెప్పాను. ఎందుకు తినలేదంటే, డైట్ చేస్తున్నాడని చెప్పడానికి నాకు నోరు రాలేదు. చివరికి చెప్పాను. ఆమె వేలి మీద సూది గుచ్చి చూసి, ఇంకేమీ అడగకుండా నర్సును కేకేసి నరానికి గ్లూకోజు ఎక్కించింది. నేను బయటికి వచ్చి వరండాలో గోడకు ఆనుకుని ఏడ్చాను. వెధవ మనిషి, ఇలా పోతే ఊరికి ఏమని చెప్పుకోను అని కూడా ఆ ఏడుపులోనే అనుకున్నాను.

కాసేపటికి నర్సు పిలిచింది. ఆయన కళ్లు తెరిచి పైన వేలాడుతున్న సీసాను చూస్తున్నాడు.

"గీ సీసాల ఏమున్నది?" అని అడిగాడు. గ్లూకోజు అన్నాను. ఆయన ముఖం మాడిపోయింది. డాక్టరమ్మ వైపు తిరిగి, "మామూలు సెలైన్ పెట్టరాదా మేడం?" అన్నాడు.

"పెట్టొచ్చు" అంది ఆమె. "మళ్ల కండ్లు తెరవకుంటే నన్ను అడగొద్దు."

తర్వాత ఆమె నిదానంగా వివరించింది. తిండి లేనప్పుడు రక్తంలో చక్కెర పడిపోకుండా చూసేది లివరేనట. మందు పడితే దానికి ఆ పని చేసే తీరిక ఉండదట. పిండి పదార్థం ముందే మానేసిన ఒంట్లో దాచుకున్నది కూడా ఏమీ మిగలదట. రెండూ కలిపి చేయొద్దని, మానాల్సింది మందేనని చెప్పింది. ఆయన బుద్ధిగా తలూపాడు.

తిరిగి వచ్చేటప్పుడు దారి పొడుగునా ఆలోచించి, దేవరకొండ దగ్గర పడ్డాక నిర్ణయం చెప్పాడు. "డైట్ బంద్ చేస్త."

నేను ఈసారి ఊరుకోలేదు. "డైట్ నీ ఇష్టం. ఇంట్లకు మందు వచ్చిందంటే నేను మా అమ్మగారింటికి పోను. నువ్వే దుకాణంల పండుకో" అన్నాను. వెనక సీట్లో అత్తమ్మ కిటికీలోంచి చూస్తూ, "యూరియా బస్తాల మీద మెత్తగనే ఉంటది" అంది.

ఆయన నా మాట పరీక్షించాడు. దుకాణంలో పడుకున్నాడు కూడా. పురుగుమందుల వాసనకు, దోమలకు ఓడిపోయి, ఒక పొద్దున దుప్పటి చంకలో పెట్టుకుని తిరిగి వచ్చాడు. డాబా మీది సభ రద్దయింది. అందులో ఒకాయన ఇప్పుడు కొర్రలు, అండుకొర్రల మతంలో చేరి, మా తాతలు గతిలేక తిన్న తిండిని ప్యాకెట్లలో కొనుక్కుంటున్నాడు. మా ఆయన ఫంక్షన్లలో తాగుతాడని నాకు తెలుసు. కడుపునిండా తిన్నాకే తాగుతాడని కూడా తెలుసు. పొట్ట సగం తిరిగొచ్చింది.

ఇప్పుడు ఆదివారాలు ఇంట్లోనే ఉంటాడు. ఏమీ తోచక వంటింట్లో నా వెనకే తిరుగుతాడు. ఉల్లిగడ్డ ఇంకా సన్నగా తరగమంటాడు, కూరలో ఉప్పెక్కువైందంటాడు, పొయ్యి మంట తగ్గిస్తాడు. పైన కూర్చుని తాగినప్పుడే నయం, గుడ్ల గిన్నె ఇస్తే సరిపోయేది అని అప్పుడప్పుడు అనుకుంటాను. ఆ మాట ఆయనకు మాత్రం చెప్పను.