నేను దిద్దిన సాక్ష్యం

మా సంఘంలో ఆడవాళ్ల జీవిత కథలన్నీ నా చేతి మీదుగానే వెళ్లాయి. ముసునూరు దగ్గరి మా చర్చిలో ఏటా స్త్రీల ఆదివారం నాడు కొందరు లేచి సాక్ష్యం చదువుతారు. ఎక్కడ పుట్టారు, ఏం కష్టాలు పడ్డారు, దేవుడు ఎలా ఆదుకున్నాడు, అదీ సంగతి. అవన్నీ ముందే రాయించి చిన్న పుస్తకంగా అచ్చు వేయిస్తాం. తెలుగు టీచర్ని కదా, దిద్దే పని నాది. దిద్దడమంటే అక్షరదోషాలు అనుకునేరు. తాగి తన్నే మొగుణ్ణి 'బలహీనతలున్న భర్త'ను చేశాను. అత్త పెట్టిన వాతలను శోధనలు చేశాను. ప్రతి సాక్ష్యంలో ముందు పాపం, తర్వాత విడుదల ఉండాలి. లేకపోతే నేనే పెట్టేదాన్ని. ఆ ఎర్ర పెన్ను పట్టుకుంటే నాకు మహా పొగరుగా ఉండేది.

ఒక ఏడు నా స్నేహితురాలు కూడా రాసింది. మామిడి సీజన్లో నూజివీడు షెడ్డులో కాయలు ఏరి పెట్టెల్లో సర్దుతుంది. మిగతా రోజుల్లో ఇంట్లో కుట్టు మిషను. పెళ్లి చేసుకోలేదు. నాకు భర్త, ఇద్దరు పిల్లలు. అయినా అప్పటికి ఇరవై ఏళ్లుగా మా ఇద్దరి మధ్య ఉన్నది ఒట్టి స్నేహం కాదు. అది ప్రేమ. ఈ మాట రాసేసరికి నాకు యాభై నాలుగేళ్లు వచ్చాయి. తనకి ఒక తెల్లకాగితం సరిపోయింది.

బడి వదిలే వేళకి వచ్చి ఆ కాగితం నా చేతిలో పెట్టింది. వేళ్ల మీద మామిడి సొన కాల్చిన మచ్చలు.

"తప్పులుంటే దిద్దవే. విషయం మాత్రం ముట్టుకోకు," అంది.

మగవాడితో కాపురం చేయాలని తనకు ఎన్నడూ అనిపించలేదని రాసింది. ఒక స్త్రీని ప్రేమించానని, అమ్మ పోయిన ఏడాది ఆ ప్రేమే తనను బతికించిందని, ఆ మనిషిని ఇచ్చినందుకు దేవుడికి కృతజ్ఞతలని రాసింది. నా పేరు లేదు. ఉండక్కర్లేదు కూడా. సెలవు రోజుల్లో నా చెప్పులు ఎవరి గుమ్మం ముందు ఉంటాయో ఊరందరికీ తెలుసు.

"ఇది చర్చిలో చదువుతావా?"

"సాక్ష్యమంటే నిజం చెప్పడమేగా."

"మా ఆయన సంఘపెద్ద కదే."

"నేనేమైనా మీ ఆయన గురించి రాశానా ఏంటి?" అని నవ్వింది.

వద్దే, నాకు భయంగా ఉంది అని అప్పుడే అనాల్సింది. తను తిట్టుకుని ఊరుకునేది. సరేలే, చూస్తానన్నాను.

ఇంటికి వచ్చి ఆ వాక్యాలు కొట్టేశాను. మధ్యలో వెలితి కనబడింది. ఎందరి సాక్ష్యాల్లోనో పెట్టి పెట్టి అలవాటైన వాక్యం దానంతటదే చేతికి వచ్చింది: 'యౌవనంలో తప్పుడు ప్రేమలో పడి నశించిపోతుంటే ప్రభువు నన్ను విడిపించాడు.' కొట్టేసి వదిలేసినా సరిపోయేది. నా భయం కోసం తనని పాపిని చేశాను. సాపు రాసి ప్రెస్సుకి పంపి, తన కాగితాన్ని పొయ్యిలో పెట్టాను. నా గురించి అంత ప్రేమగా ఎవరూ ఎప్పుడూ రాయలేదు. ఇప్పుడు నా కథ రాసుకుంటుంటే అందులోని ఒక్క వాక్యం కూడా ఉన్నదున్నట్టు గుర్తు రావడం లేదు.

పుస్తకాలు స్త్రీల ఆదివారం ఉదయమే పంచారు. తన వంతు వచ్చింది. నాలుగు వాక్యాలు చదివి ఆగిపోయింది. తలెత్తి, మూడో వరసలో కూర్చున్న నా వైపు చూసింది.

"చదవమ్మా," అన్నారు పాస్టరుగారి భార్య.

పుస్తకం విసిరికొట్టి నిజం చెప్పేస్తుందనుకున్నాను. చెప్పేస్తే బాగుండునని కూడా లోపల ఎక్కడో అనిపించింది. తను చదివింది. నేను పెట్టిన వాక్యాన్ని అక్షరం పొల్లుపోకుండా, స్పష్టంగా చదివింది. ఇది నా మాట కాదంటే, మరి నువ్వు రాసిందేదని అందరూ అడుగుతారు. నన్ను ఆ ప్రశ్న నుంచి తప్పించడానికి, చేయని పాపాన్ని తన నోటితో తనే ఒప్పుకుంది. అందరూ ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను.

ఆరాధన అయ్యాక బయట చెప్పులు వేసుకుంటుంటే దగ్గరికి వెళ్లాను. అది నేను, అని మొదలుపెట్టబోయాను.

"బాగా రాశారండీ," అంది.

ఇరవై ఏళ్లలో నన్ను ఒక్కసారి కూడా అండీ అనని మనిషి. ఇప్పుడు బస్సు దగ్గర ఎదురుపడితే అందరికీ చెప్పినట్టే నాకూ వందనాలండీ అని చెబుతుంది. నేనూ వందనాలు చెబుతాను.