కుట్టుపిండి అట్లు, మచ్చు బియ్యం

నేను కుదురుగా కూర్చునే మనిషిని కాను. సూర్యాపేటలో మా ఇంట్లో తెల్లవారితే చాలు, ఒక కాలు పొయ్యి దగ్గర, ఒక కాలు వాకిట్లో. కోదాడ బడిలో నేను టీచర్ని, మా ఆయన మిర్యాలగూడ రైసు మిల్లుల్లో బియ్యం కొనిపెట్టే బ్రోకరు. పొద్దున్నే చెరో బస్సు ఎక్కుతాం. పోయిన ఏడాది ఆయన కాలి బొటనవేలి మీద చిన్న పుండు లేచి, మానకుండా మొండికేసినప్పటి నుంచి నాకున్న కాస్త నిలకడ కూడా పోయింది.

డాక్టరు షుగరు చూశాడు. "ముందు అన్నం బంద్ చెయ్యాలె. ఒక నెల చూద్దాం. తగ్గకపోతే వేలు తీసెయ్యాల్సి వస్తది" అని మందుల చీటీ చేతికిచ్చాడు. ఆయన తల ఊపి బయటికొచ్చి, ఆసుపత్రి మెట్ల మీదే నన్నడిగాడు, "అన్నం తినకుంటే మరి ఏం తినాలె?" అని. బియ్యం మధ్య బతికే మనిషి అలా అడగడంలో తప్పేమీ లేదు. నాకు మాత్రం ఏడుపు, కోపం రెండూ ఒకేసారి వచ్చాయి.

జొన్నరొట్టె చేస్తే దవడ నొప్పన్నాడు. గోధుమరొట్టె చూస్తేనే ముఖం తిప్పాడు. పోలండులో గోదాము పని చేసే మా తమ్ముడితో ఫోన్లో మొరపెట్టుకుంటే వాడు నవ్వి, "ఈడోళ్ళు కుట్టుపిండితోని అట్లు పోసుకుంటరక్కా. పైన ఉల్లిగడ్డ, పుట్టగొడుగులు వేయించి పెట్టి, పుల్లటి మీగడతోని తింటరు. బావకు నచ్చుతయ్ సూడు" అన్నాడు. నవరాత్రి ఉపవాసాలకని మార్వాడీ కొట్టులో అమ్మే బక్‌వీట్ పిండే అది. ఆ సాయంత్రమే వెళ్ళి తెచ్చాను.

గోరువెచ్చని పాలలో ఈస్టు కలిపి, కుట్టుపిండి, ఉప్పు, గుడ్డు, గిలకొట్టిన పెరుగు వేసి మూతపెట్టమన్నాడు తమ్ముడు. పిండి బూడిదరంగులో, తడి మట్టి వాసనతో ఉంది. పొంగిందో లేదోనని మూత తీసి చూడడం, మళ్ళీ పెట్టడం. పెనం మీద పోయగానే నా చెయ్యి నన్నడక్కుండానే గరిటె అడుగుతో గుండ్రంగా తిప్పేసింది. అట్టు చిరిగిపోయింది. రెండోదీ అంతే. తమ్ముడు ఫోన్లోంచి చూస్తూ తల పట్టుకున్నాడు. "దోసె లెక్క తిప్పకక్కా. పోసి వదిలెయ్. పైన బుడగలొచ్చి పగిలేదాక జర ముట్టకు."

ముట్టకుండా ఉండడం! అంతకంటే నన్ను పెనం మీద కూర్చోబెట్టినా బాగుండేది. గరిటె దూరంగా పెట్టి, చేతులు కొంగులో చుట్టుకుని నిలబడ్డాను. బుడగలు నిదానంగా లేచి పగిలాయి. తిరగేస్తే అరచెయ్యంత వెడల్పున మందపాటి అట్టు, అంచులు ఎర్రగా. గుడ్డ కట్టి వేలాడదీసిన పెరుగు, వేయించిన ఉల్లిగడ్డ, పుట్టగొడుగులు పైన పెట్టి ఆయన ముందుంచాను. ఒకటి తిని, ఇంకోదానికి పళ్ళెం ముందుకు జరిపాడు. మా ఇంట్లో మెచ్చుకోవడమంటే అదే.

ఆ రోజు నుంచి ఇంట్లో ఆయనకు అన్నం లేదు. పొద్దున అవే, డబ్బాలో అవే, రాత్రికి అవే. నెల తిరిగి రక్తం పరీక్ష చేయిస్తే షుగరు కాస్తయినా దిగలేదు. పుండు ఇంకా లోతుకు పోయింది. ఆయన మీద నాకు అనుమానం పుట్టింది. మిర్యాలగూడలో ఏ హోటల్లోనో కూర్చుని వేడి వేడి అన్నం లాగిస్తున్నాడని తేల్చేసుకున్నాను. వారం మధ్యలో ఒక పూట సెలవు పెట్టి, కోదాడ నుంచి హుజూర్‌నగర్ మీదుగా పోయే బస్సెక్కాను. దారి పొడుగునా ఆయన్ని కడిగెయ్యడానికి మాటలు పేర్చుకుంటూనే ఉన్నాను.

మిల్లు వాకిట్లో, హమాలీల మధ్య కూర్చుని ఆయన నా డబ్బానే తింటున్నాడు. ఒక ముక్క తుంచి పక్కాయన చేతిలో పెట్టి, "మా ఇంటామె పోసింది, పోలండు అట్లు" అంటున్నాడు. పేర్చుకున్న మాటలు ఒక్కటీ పనికిరాలేదు. నన్ను చూసి, "ఏందే, గిట్లొచ్చినవ్?" అన్నాడు. "ఊరికే" అన్నాను.

ఇంతలో బస్తాలు తూకానికి వచ్చాయి. ఆయన చెయ్యి కడుక్కుని ఇనుప గొట్టం ఒక బస్తాలోకి గుచ్చాడు. మచ్చుకు వచ్చిన బియ్యం అరచేతిలో పోసుకుని, ఊది, వేలితో కెలికి, నోట్లో వేసుకుని నమిలాడు. తేమ చూశాడు. మింగాడు. పక్క బస్తా. గుచ్చాడు, ఊదాడు, నమిలాడు, మింగాడు. ఆ పక్క బస్తా. పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా ఇదే పని.

"గదేందండి?" అన్నాను.

"మచ్చు."

"మింగిన్రు గద."

"మింగుడేందే, అది పని..." అంటూనే ఆగిపోయాడు. గుప్పెడు బియ్యంతో ఆ చెయ్యి నోటి దగ్గరే నిలిచిపోయింది. పాతికేళ్ళుగా ఆ చెయ్యి ఆయన్ని అడిగి నోటికి పోలేదు, నా గరిటె నన్నడిగి తిరగనట్టే. ఆయన ముఖంలో భయం చూడడం నాకు అదే మొదలు.

"నమిలి ఉమ్మెయ్యండి" అన్నాను.

"బియ్యం ఉమ్ముతరా ఎవరన్న?" అన్నాడు మెల్లగా. చుట్టూ ఉన్న హమాలీలు కూడా నావైపు చూశారు. నేలమీద పడితే కాళ్ళ కింద నలుగుతాయి, అది ఆయన వల్ల కాదు. చివరికి జేబులోంచి రుమాలు తీశాడు. నమిలి, అందులో ఉమ్మి, మడిచి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. తప్పు చేసినవాడిలా తల దించుకుని తర్వాతి బస్తా దగ్గరికి పోయాడు. నేను పిల్లర్ పక్కకు తిరిగి కళ్ళు తుడుచుకున్నాను.

ఆ రుమాలు రోజూ ఇంటికొస్తుంది. డాబా పిట్టగోడ మీద విదిలిస్తే పావురాలు తింటాయి. మొన్న డాక్టరు కట్టు విప్పి, పుండు అంచులు ఎండుతున్నాయని, వేలి మాట ఇప్పుడొద్దని అన్నాడు. ఆయన నమ్మాడు. నాకు నమ్మకం కుదరదు. రోజూ సాయంత్రం వీధి గేటు దగ్గరికి, పొయ్యి దగ్గరికి తిరుగుతూనే ఉంటాను.

నిన్న కూడా ఆయన చెప్పులు విడవకముందే చొక్కా జేబులో చెయ్యి పెట్టాను. రుమాలు తడిగా, ఉమ్మిన బియ్యంతో బరువుగా ఉంది. అప్పుడు కూర్చున్నాను.