బెల్లం దిమ్మ, రెండు మానిటర్లు

నన్ను చోడవరంలో ఇప్పటికీ ‘బెల్లం కంప్యూటర్’ అని పిలిచేవాళ్లు పదకొండు మంది ఉన్నారు. పేర్లన్నీ నాకు గుర్తే. ఆ ఘోరం నేనే చెబుతాను. వాళ్లు చెబితే ఇంకో రెండు కలుపుతారు.

ఇంటి ముందుగదిలోనే ఫ్లెక్సీలు డిజైన్ చేసే షాపు నాది. ఏడేళ్ల కిందట పాత మానిటర్ పక్కన కొత్తది పెట్టాను. రెండూ తోడికోడళ్లే. ఒకదానిలో పండిన మామిడి రెండోదానిలో పచ్చికాయ. అమ్మినవాడికి ఫోన్ చేస్తే, "రంగులు కలపడానికి వేరే మిషన్ ఉంటుంది సార్, మీకెందుకులెండి" అన్నాడు. ఆ ‘మీకెందుకులెండి’ నాకింకా చెవిలో ఉంది.

మిషనెందుకు, బుర్ర చాలదా? బుచ్చయ్యపేటలో బెల్లం వండే అప్పలనాయుడు బావ ఇచ్చిన దిమ్మ ఇంట్లో ఉంది. దాన్ని ఫొటో తీసి రెండు తెరల మీదా పెట్టాను. దిమ్మను మధ్యన కూర్చోబెట్టి, బొమ్మ అచ్చం దానిలా కనిపించేదాకా మీటలు నొక్కాను. కలిశాయి. అక్కడితో ఆగితే నేను నేనెందుకవుతాను? రోజూ పొద్దున్నే దిమ్మను చూసి తెరలు సరిచేసేవాణ్ణి.

అవి ముసురు రోజులు.

"ఆ బెల్లం సెమ్మెక్కి నల్లబడిపోతందండి. టీలో ఏసేత్తాను," అంది మా ఆవిడ.

"ముట్టుకోకు. అది కొలబద్ద."

"ఆ సంగతి సీమలకి సెప్పండి."

దిమ్మ నల్లబడేకొద్దీ తెరలనూ నల్లబరిచాను. తోడికోడళ్లు కవలలైపోయారు. అప్పుడే బావ తన కొత్త కొట్టుకి ఫ్లెక్సీ చెప్పాడు: ‘మందు కలపని బెల్లం’. అతని బెల్లం ఫొటో తెర మీద బొగ్గులా ఉంది. పాపమని బాగా తెల్లబరిచి, అచ్చుకి అనకాపల్లి పంపాను. ఫ్లెక్సీ అటునుంచి అటే కొట్టుకి వెళ్లింది.

కొట్టు తెరిచిన రోజు మధ్యాహ్నానికే బావ దాన్ని చంకలో పెట్టుకుని వచ్చాడు.

"ఏటిరా ఇది, సున్నం ముద్దా? మందేత్తేనే గదా బెల్లం ఇలా తెల్లబడతాది. వచ్చినోళ్లు బొమ్మ సూసి, నా మొగం సూసి ఎల్లిపోతన్నారు. ఒక్క దిమ్మ కదల్లేదు."

"నా రెండు మానిటర్లూ ఒక్కలాగే చూపిస్తన్నాయి బావా."

"ఇద్దరు సాచ్చులు కూడబలుక్కుంటే అబద్దం నిజమైపోద్దేటి?"

 బెల్లం కొట్టిన రాయికైనా దాని రంగు తెలిసుంటుంది, నాకే తెలియలేదు.

మా ఆవిడ టీ తెచ్చింది. ఒక గుక్కతో బావ చల్లబడ్డాడు.

"బెల్లం బాగుందే. ఎవుల్దమ్మా?"

"నీదే అన్నయ్యా. ఆ మానిటర్ల మజ్జనుండి ఇప్పుడే తీసేను. రోజూ దీన్ని సూసే రంగులు కలుపుతన్నారు."

బావ గ్లాసులోకి చూశాడు, తెరల వైపు చూశాడు, నా వైపు చూశాడు. ఆ పదకొండు పేర్లలో మొదటిది అతనిదే.

మరునాడే నా ఖర్చుతో కొత్త ఫ్లెక్సీ కట్టించాను. మిషనూ కొన్నాను, ‘మీకెందుకులెండి’ దగ్గర మాత్రం కాదు. చీమ పట్టే వస్తువును నమ్మి ఈ జన్మలో మళ్లీ రంగు సరిచూడను. బావ బెల్లం మీద ఒట్టు. నల్లదాని మీదే.