కుడి చేతిలో దీపం

ఇంతవరకూ ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. ఆ ఏడాది, మా తాతలు చెరకు కూలికి వలస వచ్చిన ఈ దీవిలో, లాల్మతీ ఊరి గుడిలో శనివారం భజనకు దీపం పట్టింది నేనే. మా గుడి పద్ధతి ప్రకారం పెళ్ళికాని పిల్ల ఒకతె ఇత్తడి దీపం పట్టుకుని మధ్యలో కదలకుండా నిలబడితే, మిగతావాళ్ళు చుట్టూ తిరుగుతూ పాడతారు. నేను దాన్ని ఒక్క కుడి చేత్తోనే, చేయి చాచి, పాట అయ్యేదాకా పట్టేదాన్ని. పెద్దవాళ్ళు నా భక్తికి మురిసిపోయారు. నేను మాత్రం పిస్తోలు పట్టే చేయి మొద్దుబారకుండా కాపాడుకుంటున్నాను.

నాకు గురి నేర్పింది మావయ్య, అమ్మ తమ్ముడు. పోలీసు ఉద్యోగం మానుకున్నాక మా గుడిలో భజన ఎత్తుకునేది ఆయనే. ఊళ్ళలో గొడవలు జరిగినప్పుడు మా తుపాకీ క్లబ్బు పిస్తోళ్ళన్నీ పోలీసు స్టేషనుకు వెళ్ళిపోయాయి. ఏడాది దాటాక తిరిగొచ్చాయి. దీవికి స్వాతంత్ర్యం వస్తోంది, కొత్త జెండా ఎగరేసే ముందు ఒక పోటీ పెడదామన్నారు. జట్టులో ఒక్క చోటే ఖాళీ. ఆదివారం గురి చూసి ఇస్తామన్నారు. నాకు ఆ చోటు కావాలి. నోరు తెరిచి అడగడం నాకు చేతకాదు. గురితోనే అడగాలి.

బ్రిజే వెర్దియేర్ దగ్గర చెరకు తోటల వెనక, మట్టి కట్ట ముందు గురి అట్టలు నిలబెట్టారు. పిస్తోలు చేతికి రాగానే ఆ నూనె వాసన! పోగొట్టుకున్న పుస్తకం మళ్ళీ దొరికినట్టు అనిపించింది. తీరా కాలిస్తే తూటాలన్నీ తలో దిక్కుకూ పోయాయి. ఒకటి అట్టకే తగల్లేదు.

"చేయి బాగుంది. ఊపిరే బాలేదు. దూస్మాఁ, మొ పితి, మెల్లగా, నా తల్లీ," అన్నాడు మావయ్య, వెనక బల్ల మీద కూర్చుని గాతో పిమా, అదే మిరపకాయ వడలు, తింటూ. మినప్పప్పో శనగపప్పో, కారం మాత్రం నాక్కూడా వాసనొచ్చేంత.

మళ్ళీ చేయి చాచాను. గుడిలో ఊపిరి ఎలా నిలిపేదాన్ని? లోలోపల పాట పాడుకుంటూ. అలాగే మొదలుపెట్టాను. గొంతు ఎప్పుడు పైకి వచ్చిందో నాకు తెలియదు.

"రామా..."

భజనలో ఎవరు ఎత్తుకున్నా అందుకోవడం మావయ్యకు అలవాటు. నోట్లో వడ ఉన్నా ఆగలేదు.

"రామా... ఆ... ఆ... జయ రామా!"

చెరకులోంచి పిట్టలు లేచిపోయాయి. పక్కన కాలుస్తున్న పోస్టుమాస్టరు గారి తూటా ఆకాశంలోకి పోయింది. క్లబ్బు పెద్ద, మిల్లులో పనిచేసే దొర, టోపీ పైకి తోశాడు.

"కి సా సా? ఏమిటది?"

"ప్రార్థన, మిస్యే," అన్నాడు మావయ్య, మూతి తుడుచుకుంటూ.

"నా తూటాకు కూడా చేయించవోయ్, ఎక్కడుందో దొరకడం లేదు," అన్నారు పోస్టుమాస్టరు గారు.

అందరూ నవ్వారు. నా చెవులు కాలిపోయాయి. ఇంకెప్పుడైనా అయితే ఇంటికి పారిపోయేదాన్ని. ఆ రోజు నాకూ నవ్వొచ్చింది, ఆపుకోలేనంత. నవ్వి నవ్వి భుజాలు తేలికయ్యాయి.

"కొంతినియే, మామ్‌జెల్," అన్నాడు దొర. "కానివ్వండి. పాట మాత్రం చిన్నగా."

చిన్నగా పాడుకున్నాను. పాట ఆగిన చోట వేలు దానంతటదే కదిలింది. ప్రతిసారీ అంతే. తూటాలు అయిపోయాక అట్ట దగ్గరికి నడవడానికి నాకు ధైర్యం చాల్లేదు. మావయ్యే వెళ్ళాడు. చేతిలో మిగిలిన గాతో పిమాను అట్ట మధ్యలో పెట్టి చూశాడు. చిల్లులన్నీ దాని కింద దాక్కున్నాయి. దొర వచ్చి, దాన్ని పక్కకు జరిపి చూసి, "అట్టకు నూనె మరక చేశావు" అని మావయ్యను కసిరి, నా వైపు తిరిగి తల ఊపాడు. జట్టులో చోటు నాదే.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఇంట్లో ఎలా చెప్పాలా అని మాటలు కూడబెట్టుకుంటున్నాను. మావయ్య కళ్ళు మూసుకుని ఉన్నాడు. నిద్రపోయాడనుకున్నాను. మా ఊరి మలుపు దగ్గర, కళ్ళు తెరవకుండానే అన్నాడు:

"ఈ శనివారం కూడా దీపం నువ్వే పట్టు, పిల్లా. పోటీ అయ్యేదాకా ఇంకెవ్వరికీ ఇవ్వను."