స్కైలాబ్ రోజున మగ్గం గుంటలో

మొన్నామధ్య నేనూ మా మనవరాలూ బెజవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ఆటోలో ఇరుక్కుపోయాం. ఎన్ని వంతెనలు కట్టినా ఆ చౌరస్తాకి ఇరుకు తీరదు. ముందు బస్సు, వెనక లారీ, పక్కన చెవి దగ్గరే హారన్లు. మా మనవరాలు ఫోన్లోంచి తలెత్తకుండానే, ఏదో దేశం వాళ్ళ రాకెట్ ముక్క ఒకటి అదుపు తప్పి భూమ్మీద పడబోతోందనీ, ఎక్కడ పడేదీ తెలియదనీ చదివింది. చదివి, ఇంకో వార్తకి వెళ్ళిపోయింది. దానికది కూరగాయల ధర లాంటి కబురు. ఆటో అబ్బాయి మాత్రం వెనక్కి తిరిగి, "పడితే ఎక్కడ పడుద్దండీ మేడమ్, ఇక్కడ సైకిలు పెట్టుకోడానికే చోటు లేదు" అన్నాడు. నాకు నవ్వొచ్చింది, ఆ వెనకే స్కైలాబ్ గుర్తొచ్చింది. ఆ మాటే పైకి అంటే, అదేం యాప్ అమ్మమ్మా అని అడిగింది మా పిల్ల. ఇక చెప్పక తప్పుతుందా?

స్కైలాబ్ అంటే అమెరికా వాళ్ళు ఆకాశంలోకి పంపిన ఇల్లంత ప్రయోగశాల. మనుషులు వెళ్ళి అందులో కొన్నాళ్ళు కాపురం ఉండి దిగొచ్చేశారు. ఖాళీ కొంప అలా తిరుగుతూ తిరుగుతూ, డెబ్బై తొమ్మిదిలో వానలు మొదలయ్యేనాటికి కిందకి జారడం మొదలెట్టింది. ఎక్కడ పడుతుందో పంపినవాళ్ళే చెప్పలేకపోయారు. వాళ్ళు చెప్పలేకపోయినదాన్ని మా బెజవాడలో ప్రతి కిళ్ళీకొట్టువాడూ చెప్పేవాడు. కొందరు బందరు మీదన్నారు, కొందరు బ్యారేజీ మీదన్నారు. ఎలాగూ పోతున్నాం కదా అని జనం పెంచుకున్న కోళ్ళు కోసుకు తిన్నారు, మేకలు కోసుకు తిన్నారు. మా పక్కింటావిడ ఏడాదికని పెట్టుకున్న ఆవకాయ జాడీ వాసెన విప్పి, గుమ్మంలోకి వచ్చినవాళ్ళకల్లా గరిటెలతో వడ్డించేసింది. ఆ తర్వాత ఏడాది పొడుగునా గిన్నె పట్టుకుని మా ఇంటికొచ్చేది, అది వేరే సంగతి. మా వెనక వీధి చర్చిలో పొద్దస్తమానం ప్రార్థనలు, ఇటు రామమందిరంలో భజనలు. రెండు పాటలూ మా పెరట్లో కలుసుకునేవి.

అమ్మమ్మ దగ్గర్నుంచి కబురొచ్చింది. వాళ్ళది బందరు దగ్గర నేతవాళ్ళ ఊరు. నూలు కొనడానికి బెజవాడ వచ్చిన వాళ్ళ వీధి మనిషి మా గుమ్మంలో నిలబడి, "పోతే అందరం ఒక చోటే పోదాం, పిల్లని తీసుకుని రమ్మన్నారండి" అని చెప్పి, మజ్జిగ తాగి వెళ్ళాడు. నాన్నగారు ఆటోనగర్లో లారీ సామాన్ల కొట్లో పనిచేసేవారు. సెలవు అడగాల్సిన పని లేకుండా ఆయన యజమానే కొట్టుకి తాళం వేసి సొంతూరు పారిపోయాడు. నేనప్పుడు బీయెస్సీ మొదటి ఏడు. ఇలాంటి మూఢత్వానికి బస్సు చార్జీలు దండగని వాదించాను. నా వాదన నేను వినిపించుకుంటుండగానే అమ్మ పెట్టె సర్దేసింది. బస్సు కిటకిటలాడుతోంది. ఉయ్యూరులో ఒకావిడ కోడిపెట్టని చంకలో పెట్టుకుని ఎక్కింది. "కోసుకుందామంటే మనసు రాలేదండి, మా చెల్లెలింటికి తీసుకుపోతున్నా" అంది. ఆ చెల్లెలికి మనసొచ్చిందో లేదో నాకు తెలీదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మిగతా చోట్ల జనం స్కైలాబ్‌కి భయపడ్డారంటే అది తమాషా భయం, సగం పండగ. దివిసీమ చుట్టుపక్కల మాత్రం అలా కాదు. అంతకు ముందు కార్తీకంలో కాక, ఆ ముందు కార్తీకంలో, డెబ్బై ఏడు ఉప్పెన వచ్చింది. మా మావయ్య, అంటే అమ్మకి ఒక్కగానొక్క తమ్ముడు, చీరల మూట కట్టుకుని అటు లంక ఊళ్ళకి అమ్మకానికి పోయాడు. తుఫాను వస్తోందని రేడియో చెబుతూనే ఉంది. రేడియో వాడికి తుఫాను లేకపోతే తోచదు అని నవ్వాడట మావయ్య. అమ్మమ్మ కూడా నవ్వి, దారిలో తినమని పెరుగన్నం మూట కట్టిచ్చిందట. అంతే. మనిషి రాలేదు, మూటా రాలేదు. తాతయ్య బురదలో ఊరూరూ తిరిగాడు. శవం కనపడితే ఏడ్చి ఊరుకునేవాళ్ళేమో, అదీ దొరకలేదు. దొరకలేదు గనక వాడు ఉన్నాడంది అమ్మమ్మ. కర్మ చేయనివ్వలేదు. అత్తయ్య నుదుటి బొట్టు తీయనివ్వలేదు.

అన్నిటికంటే కష్టం మగ్గంతో వచ్చింది. ముందు గదిలో రెండు గుంట మగ్గాలుండేవి. గుంట మగ్గం అంటే నేలలో నడుం లోతున గొయ్యి తీసి, అందులో కాళ్ళు పెట్టి కూచుని, అడుగునున్న చెక్కలు తొక్కుతూ నేసేది. కిటికీ వైపుది తాతయ్యది, గోడ వైపుది మావయ్యది. మావయ్య వెళ్ళేనాటికి దానిమీద సగం నేసిన చీర ఉంది. ఆకుపచ్చ ఒంటికి మిరప్పండు రంగు అంచు. అమ్మమ్మ దానిమీద పాత దుప్పటి కప్పి, ఎవరూ చెయ్యి వేయడానికి వీల్లేదంది. పడుగు, అంటే చీరకి సాగదీసి కట్టిన నిలువు పోగులు, మగ్గం మీద ఉన్నన్నాళ్ళూ నేసేవాడు ఇల్లు విడిచినట్టు కాదని ఆవిడ లెక్క. ఆ దుప్పటి మీద బల్లి పాకినా చీపురుకట్ట పట్టుకుని వచ్చేది.

అత్తయ్య నాకంటే నాలుగైదేళ్ళు పెద్దేమో. నేతవాళ్ళ పిల్లే, పుట్టింట్లో నేసిన చెయ్యే. అత్తారింట్లో మాత్రం ఆడవాళ్ళు నూలు కండెలకి చుట్టాలి, మగవాళ్ళు నెయ్యాలి అన్నది పద్ధతి. తాతయ్య ఒక్కడి మగ్గం మీద ఇల్లు గడవడం లేదు. ఆ రెండో మగ్గం నాకివ్వండి అత్తయ్యా, నేను నేస్తాను అని ఒకసారి అడిగిందట. వాడొచ్చి నేస్తాడులే, నీకెందుకు అందట అమ్మమ్మ. మళ్ళీ అడగలేదు. ఈలోగా ఉయ్యూరు నుంచి అత్తయ్య అన్న వచ్చి, ఇక్కడ దీనికేం పని ఉందని ఉంచుతారు, శ్రావణంలో వచ్చి తీసుకుపోతానని తేల్చి చెప్పి వెళ్ళాడు. అన్న మంచివాడే. కానీ అన్న ఇంట్లో వదిన చేతి కింద బతకడమంటే ఏమిటో ఆడపుట్టుక పుట్టిన ఎవరికైనా తెలుసు. "ఆ గోడ పక్క చోటు నాదయితే నేనెక్కడికీ పోను" అని నాతో అంది అత్తయ్య, నూతి దగ్గర బట్టలు పిండుతూ. ఏడవకుండా అంది. నేనే ఏడ్చాను.

మేం వెళ్ళిన మర్నాడే స్కైలాబ్ పడుతుందన్న రోజు. పొద్దున్నుంచీ మబ్బు పట్టి ఉంది. నా సైన్సంతా ఉపయోగించి అమ్మమ్మకి ధైర్యం చెప్పబోయాను. చాటలో ఒక ఆవగింజ పెట్టి, చాట భూమి అనుకో, ఈ గింజ మన ఊరనుకో, ఇంత చిన్నదాని మీదే వచ్చి ఎందుకు పడుతుంది అన్నాను. అమ్మమ్మ ఆవగింజ వంక చూసి, "సముద్రం కూడా మనకి దూరమేగా అమ్మడూ. వచ్చిందిగా" అంది. ఆవగింజ తీసి పోపులడబ్బాలో వేసేశాను.

రేడియో మాట ఒకసారి పెడచెవిన పెట్టినందుకు ఈసారి అమ్మమ్మ అక్షరం జారవిడవకుండా వింది. ఇంట్లో ఉండండి, కంగారు పడకండి అని రేడియో అంటే, కంగారు పడకండి అన్నారంటే ఏదో ఉన్నట్టే అంది. భోజనాలవగానే అందర్నీ మగ్గం గుంటలోకి దిగమంది. పైనుంచి ఇనుము పడితే నేలలో ఉన్నవాడే దక్కుతాడట. మిగతా ఊళ్ళలో మంచాల కింద దూరారని విన్నాను గానీ, మగ్గాల్లోకి దూరింది మా వీధి వాళ్ళేనేమో. దూరిన తర్వాత తెలిసింది, ఆషాఢంలో కాలవలు వదిలాక ఆ ఊళ్ళో గుంటలన్నీ ఊరతాయని. తాతయ్య గుంటలో చీలమండ లోతు నీళ్ళు. నేనూ అమ్మా చీరలు మోకాళ్ళ దాకా ఎత్తుకుని అందులో కూచున్నాం. ఒక కప్ప మాకంటే ముందే వచ్చి ఉంది. నాన్నగారు దిగబోతే పొట్ట మగ్గం కొయ్యకి అడ్డం పడింది. తాతయ్యా అమ్మమ్మా చెరో చెయ్యీ పట్టుకుని పైకి లాగాల్సొచ్చింది. ఆయన ఒక దండం పెట్టి, పేపరు తీసుకుని మంచం మీద పడుకున్నారు. తాతయ్య ఎక్కడికీ దిగనని గుమ్మం పక్కన పొగాకు నవులుతూ కూచున్నాడు.

ఇక మిగిలింది అత్తయ్య. గుంటలో ముగ్గురికి చోటు లేదు. నేను బయటే ఉంటాలే అత్తయ్యా, నాకేం భయం లేదు అంది. అమ్మమ్మ గుమ్మంలోకి వెళ్ళి ఆకాశం చూసింది. లోపలికొచ్చి ఆ పిల్లని చూసింది. గోడ వైపు వెళ్ళి దుప్పటి ఒక్క లాగు లాగింది. దుమ్ము లేచింది.

"దిగు," అంది.

అత్తయ్య ఒక అడుగు వెనక్కి వేసింది.

"దిగవే. వాణ్ణి అన్నం మూట కట్టి మరీ పంపించాను. నిన్ను కూడా పోగొట్టుకోలేను నేను."

అమ్మమ్మ కొడుకు గురించి పోయినవాడన్నట్టు మాట్లాడటం అంతకుముందు ఎవరం వినలేదు. మా అమ్మ నా చెయ్యి నొక్కి పట్టుకుంది. అత్తయ్య వెళ్ళి మావయ్య గుంటలో దిగి, ఆయన కూచునే చోట కూచుంది. అమ్మమ్మ గబగబా గుమ్మంలోకి వెళ్ళి, మాకు వీపు పెట్టి నిలబడింది.

ఎంతసేపని కూచుంటాం? మధ్యాహ్నం వాన మొదలైంది. అమ్మకి కాళ్ళు తిమ్మిరెక్కాయి. ఇంతలో పక్కింటి రేకుల మీద ఢామ్మని పిడుగు లాంటి చప్పుడు. వీధి వీధంతా గొల్లుమంది. నా బీయెస్సీ ఏమైందో గానీ కప్పతో సహా అమ్మ ఒళ్ళో దూరాను. తీరా చూస్తే కొబ్బరికాయ. నవ్వులూ తిట్లూ అన్నీ అయ్యాక చూస్తే, అత్తయ్య మాత్రం తల వంచుకుని ఏదో చేస్తోంది. పైట చెంగుతో పడుగు మీద బూజు తుడుస్తోంది. తెగిన పోగులు వెతికి ముడి వేస్తోంది. భయం మరిచిపోడానికే చేస్తోందనుకుంటాను. ముడులన్నీ అయిపోయాయి. చెయ్యి ఊరుకోలేదు. నాడెని తోసే తాడు పట్టుకుని లాగింది. మావయ్య వదిలివెళ్ళిన కండె ఉన్న నాడె పోగుల మధ్య ఇటునుంచి అటు పోయింది. కాలు తొక్కింది. మళ్ళీ లాగింది.

టక్. టక్. ఆ గోడ వైపు నుంచి చప్పుడు.

తాతయ్య నవలడం ఆపాడు. అమ్మమ్మ గిర్రున తిరిగింది. ఆ ముఖం నేను చచ్చేదాకా మర్చిపోను. కొడుకు వచ్చాడు అనుకుంది. ఒక్క క్షణం ఆ ముఖం మీద ఎన్ని దీపాలు వెలిగాయో చెప్పలేను. తర్వాత అత్తయ్యని చూసింది, ముఖం వాడిపోయింది. అత్తయ్య హడలిపోయి తాడు వదిలేసింది. "తప్పయిపోయింది అత్తయ్యా" అని లేవబోయింది.

అమ్మమ్మ నెమ్మదిగా వచ్చి మగ్గం పక్కన కూలబడింది. నేసిన బట్ట మీద చెయ్యి వేసింది, కొడుకు నేసిన వైపు. చాలాసేపు తడుముతూ కూచుంది. అక్కణ్ణుంచి వేళ్ళు జరుపుకుంటూ అత్తయ్య ఇప్పుడు నేసిన నాలుగు వరసల దాకా వచ్చింది.

"వాడిక రాడే అమ్మాయ్," అంది. "నువ్వు నెయ్యి. వాడిలా గట్టిగా లాగకు, పోగు తెగుద్ది. నీ చేతికి ఎంతొస్తే అంత లాగు."

అప్పుడు ఏడ్చింది మా అమ్మమ్మ. ఉప్పెన నాటినుంచీ దాచుకున్న ఏడుపంతా ఏడ్చింది. అత్తయ్య ఆవిడ భుజం మీద తల పెట్టి ఏడ్చింది. మా అమ్మ నీళ్ళ గుంటలోంచి ఎక్కి వెళ్ళి ఇద్దర్నీ పట్టుకుంది. తాతయ్య వానలో వీధిలోకి వెళ్ళిపోయాడు. నాన్నగారు పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. స్కైలాబ్ సంగతి ఆ తర్వాత మాకెవరికీ గుర్తు రాలేదు.

మర్నాడు పొద్దున్న రేడియో చెప్పింది, అది ఎక్కడో సముద్రంలోనూ ఆస్ట్రేలియాలోనూ పడిందట. ఊళ్ళో జనం హమ్మయ్య అనుకుని, ఆ వెంటనే కోళ్ళగూళ్ళ వంక చూసుకుని దిగులుపడ్డారు. మా ఇంట్లో మావయ్యకి ఏడాదిన్నర పైగా ఆలస్యంగా కర్మ జరిగింది. ఆ చీర అత్తయ్య పూర్తి చేసింది. దాచుకుందామా అంటే, నేసిన చీర దాచుకోడానికా మనం నేసేది అని అమ్మమ్మ మిగతావాటితో పాటు దాన్నీ అమ్మకానికి పంపింది. శ్రావణంలో అన్న వచ్చాడు. అత్తయ్య మగ్గం దిగకుండానే కుశలం అడిగి, అన్నం తిని వెళ్ళమంది. ఆయన తిని ఒక్కడే వెళ్ళాడు. అమ్మమ్మ చూపు ఆనినన్నాళ్ళూ ఆ మగ్గం పక్కనే కూచుని కోడలికి కండెలు చుట్టింది. ఆ మగ్గం మీదే అత్తయ్య ముసలిదైంది.

ఇదంతా విని, అయితే అది మీ మీద పడలేదన్నమాట అంది మా మనవరాలు. పడలేదమ్మా అన్నాను. కాలం ఎవరికోసమూ ఆగదంటారు గానీ, మా అమ్మమ్మ ఇంట్లో అది ఉప్పెన నాడు ఆగిపోయింది, ఆకాశం ఊడి మీద పడుతుందని అందరం వణికిన రోజున మళ్ళీ కదిలింది.