గుట్ట మీది పెట్టె

నాలుగేళ్ల క్రితం భద్రాచలం దగ్గరి అడవి పల్లెల్లో ఫోన్ సిగ్నల్ అందించే పెట్టెలు బిగించేవాణ్ణి. సిగ్నల్‌కు దారి చూపే ప్రోగ్రామ్‌ను యంత్రానికి గుండెకాయలాంటి కెర్నెల్‌లోనే పెట్టాలని పట్టుబట్టాను.

"బయట, మామూలు ప్రోగ్రామ్‌లు నడిచే యూజర్ స్పేస్‌లో పెడదాం తమ్ముడూ. అక్కడ పడిపోయినా దానంతటదే లేస్తది. కెర్నెల్‌లో పడ్డదంటే పెట్టె మొత్తం ఆగిపోతది" అన్నారు మా సీనియర్ మేడమ్. వేగం తగ్గుతుందని వాదించి నా మాటే నెగ్గించుకున్నాను.

ఒక ఊరి పెట్టెను పక్కనున్న గుట్ట మీద బిగించాం. అది ఆగినప్పుడల్లా ఆ ఊళ్లో ఉండే సోమయ్య గుట్టెక్కి, స్విచ్ ఆపి మళ్లీ వేసేవాడు.

ఒక వానాకాలం సాయంత్రం సోమయ్య భార్యను పాము కరిచింది. ఊళ్లో ఉన్న ఒక్క ఆటో సంతకు పోయింది. అంబులెన్స్‌ను పిలుద్దామంటే పెట్టె ఆగిపోయి సిగ్నల్ లేదు. భార్యను చుట్టాలకు అప్పజెప్పి ఆయన గుట్టెక్కాడు.

మర్నాడు నేను వెళ్లేసరికి దహనం కూడా అయిపోయింది. నేను తలెత్తలేకపోతే ఆయనే దగ్గరికొచ్చాడు.

"పెట్టె మంచిగనే నడుస్తుంది సారూ. నేను స్విచ్ ఏసినంక ఫోన్ కలిసింది, అంబులెన్స్ గూడ వచ్చింది. ఆమెనే ఆగలే" అన్నాడు.

ఆ వారమే ప్రోగ్రామ్‌ను కెర్నెల్ నుంచి బయటికి తెచ్చాను. ఒక్క పూట పని! ఇప్పుడు పెట్టె కోసం ఎవరూ గుట్టెక్కనవసరం లేదు. సోమయ్య మాత్రం రోజూ ఎక్కి చూసొస్తున్నాడు. వద్దని చెప్పడానికి నాకు నోరు రావడం లేదు.