పెదనాన్న కలిపిన రెండున్నర గంటలు

పోయినవన్నీ ముందు లెక్క చెబుతాను. రేపల్లె సంబంధం ఒకటి. దాని కోసం కుట్టించుకున్న క్రీమ్ రంగు చొక్కా ఒకటి (మళ్ళీ వేసుకోబుద్ధి కాలేదు). బావతో రెండేళ్ళ మాటలు. ఇదంతా జీవితంలో విమానం ఎక్కనివాడికి విమానం వల్ల జరిగిన నష్టం. ఆ రోజుల్లో మా తెనాలి ఇంట్లో లెక్క తప్పో ఒప్పో చెప్పినవాడి వయసును బట్టి తేలేది. నాకు ఇరవై నాలుగు, పెదనాన్నకు అరవై. ఇంకేం తేలుతుంది! తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మా అక్క భర్త కువైట్‌లో పనిచేసేవాడు. పెద్దల్లుడు ముందు నడవనిదే మావాళ్ళు పెళ్ళిచూపులకు గడప దాటరు. అందుకని బావ సెలవు మీద దిగే రోజు చూసుకుని, ఆ మర్నాటికి రేపల్లె వాళ్ళకు మాటిచ్చారు. బావ ఫోన్లో టికెట్ చదివి వినిపించాడు: అక్కడ ఉదయం ఏడింటికి బయలుదేరి, హైదరాబాదులో మధ్యాహ్నం రెండింటికి దిగుతుంది.

"ఇది వాళ్ళ టైమురా. మనది రెండున్నర గంటలు ముందు. కలిపితే నాలుగున్నర. కారు అప్పటికి చేరితే చాలు" అన్నాడు పెదనాన్న.

"దిగే టైము దిగే ఊరిదే వేస్తారు పెదనాన్నా" అని అట్లాసు మీద స్కేలు పెట్టి కొలిచి చూపించాను. "మూడు వేల మూడొందల కిలోమీటర్లు. ఏడు నుంచి రెండు దాకా ఏడు గంటలు. అందులో రెండున్నర గడియారాల తేడా. ఎగిరేది నాలుగున్నర గంటలే. గంటకి ఏడొందల పైన పడింది, సరిపోయింది. మీ లెక్కన ఏడు గంటలూ ఎగిరితే గంటకి ఐదొందలు కూడా రాదు. విమానం అంత నిదానంగా పోదు."

"నువ్వెప్పుడన్నా ఎక్కావేంట్రా?"

"లేదు."

పెద్దమ్మ అందుకుంది. "బాపట్ల పోయే పాసింజరే నిడుబ్రోలులో ఆగుద్ది. అంత దూరం నుంచి వచ్చేది ఎక్కడా ఆగకుండా వస్తదా ఏంటి?"

కారులో పెదనాన్న ఒక్కడే వెళ్ళాడు (నేనైతే దారంతా లెక్కలు చెబుతానట). నాలుగున్నరకు చేరేసరికి బావ లేడు. రెండింటికే దిగి, పెట్టె మీద కూర్చుని ఎదురుచూసి, చూసి, తిక్క రేగి బాపట్లలో వాళ్ళమ్మ ఇంటికి బస్సెక్కేశాడు.

మర్నాడు పొద్దున్నే పెదనాన్నా నేనూ బాపట్ల పరిగెత్తాం. బావ గోడవైపు తిరిగి పడుకున్నాడు. "అల్లుణ్ణా, పార్సిల్నా నేను? రెండు గంటల పైన కూచోబెట్టారండీ!"

"విమానం తొందరపడి ముందొచ్చేసింది అల్లుడుగారూ" అన్నాడు పెదనాన్న. బావ ఇటు తిరగలేదు. అప్పుడు ఆ పెద్దమనిషి నావైపు వేలు చూపించి, "అయినా టైములు లెక్కేసింది మావాడేనండీ" అన్నాడు! ఆ అలక సాయంత్రానికీ తీరలేదు. రేపల్లెలో వాళ్ళు చీకటి పడేదాకా చూసి, "సొంత అల్లుడే మొహం చాటేశాడంటే ఆ ఇంట్లో ఏదో ఉంది" అనుకుని, పది రోజుల్లో కాకుమాను సంబంధం ఖాయం చేసుకున్నారు. ఫోటోలో తప్ప ఆ అమ్మాయిని నేను చూడనే లేదు.

మొన్న పెదనాన్న ఫోన్ చేశాడు. ఎనభై నాలుగేళ్ళు, గొంతు మాత్రం తగ్గలేదు. మనవరాలు మస్కట్ నుంచి వస్తోందట. "ఏరా, ఈ దిగే టైము ఎవరిదిరా?"

"దిగే ఊరిదే పెదనాన్నా."

"అయితే ఏమీ కలపక్కర్లేదా?"

"అక్కర్లేదు."

"మరి ఈ ముక్క ఆ రోజే గట్టిగా చెప్పొచ్చుగా!" అన్నాడు.

పళ్ళు నూరుకుంటూ ఫోన్ పెట్టేశాను. రేపల్లె తప్పిపోయాక చుండూరు సంబంధంగా వచ్చిన మా ఆవిడ పగలబడి నవ్వింది. చివరికి నాకూ నవ్వొచ్చింది, ఈ వయసులో కూడా ఆయన నోట ఒప్పుకోలు వస్తుందని కాచుకుని కూర్చున్న నన్ను చూసి. నవ్వు నవ్వే, లెక్క లెక్కే. పెదనాన్న నుంచి నాకు రావలసింది ఇప్పటికీ రెండున్నర గంటలు.